పోయిన వస్తువుల పాఠం

ప్రేమమణి ఎడమచేతి కింద స్కేలు ఒక్కో వరుసా దిగుతోంది. ఎదుటి కుర్చీలో హిమజ అసలు ప్రతి పట్టుకుని పైకి చదువుతోంది. కామా వస్తే కామా అంటుంది, వాక్యం అయిపోతే ఫుల్‌స్టాప్ అంటుంది, కొత్త పేరా వస్తే పేరా అంటుంది. ప్రేమమణి చెవి ఆ పిల్ల గొంతు మీద, కన్ను ప్రూఫు మీద. రెండూ కలవని చోట స్కేలు ఆగుతుంది, ఎర్ర పెన్ను లేస్తుంది, మార్జిన్‌లో ఒక గీత పడుతుంది, మళ్ళీ స్కేలు కదులుతుంది.

పదిహేడేళ్లుగా ఆమె పని ఇదే. సికింద్రాబాద్ క్లాక్ టవర్ వెనక సందులో, గడియారాల దుకాణం మీద మూడో అంతస్తు. ఎక్కడెక్కడి దేశాల బడులు పుస్తకాలు రాసుకుంటాయి, వాటిని పేజీలుగా పేర్చి, తప్పులు దిద్ది పంపేది ఇక్కడ. ఇప్పుడు అందరూ తెర మీదే చూస్తున్నారు. కాగితం మీద స్కేలు పెట్టి చదివేది ఈమె ఒక్కతే మిగిలింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆమె కంటికి దొరకని తప్పు మరెవరికీ దొరకదు. సూపర్‌వైజర్ రాజేందర్‌కి ఆ సంగతి తెలుసు గనకే యాభై ఎనిమిదేళ్లు దాటినా ఆమెను పొమ్మనలేదు.

సన్నటి మనిషి. కళ్లజోడు ఒక కొక్కెం విరిగితే నల్లదారం కట్టుకుంది. నేతచీర, భుజం దగ్గర పిన్ను, చేతికి ఒక్కటే గాజు. చూపుడువేలి పక్కన ఎర్రసిరా మరక ఉంటుంది, ఎంత రుద్దినా పోదు. ఆదివారం చర్చిలో చేతులెత్తినప్పుడు పక్కావిడ గోరింటాకు అనుకుని అడిగింది కూడా. మధ్యాహ్నానికి కాళ్లు వాస్తాయి, బల్ల కింద చెప్పులు విడిచి చల్లటి నేల మీద పాదాలు ఆనించుకుంటుంది. ఇలాంటి మనిషిని బస్సులో రోజూ చూస్తాం. దిగిపోయాక గుర్తుండదు.

ఇవాళ బల్ల మీద ఉన్నది ఒక యూదు పాఠశాల వాళ్ల ఏడో తరగతి అభ్యాస పుస్తకం. నాలుగేళ్లుగా ఆ బడి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాలన్నీ ప్రేమమణి చేతి మీదుగానే పోతున్నాయి. మొదట్లో ఆమెకు కొంచెం గర్వంగా ఉండేది. ముప్పై ఏళ్లు సండేస్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి, పాత నిబంధనలో పేర్లన్నీ నోటికి వచ్చు. ఇంక వాళ్ల పిల్లలు కొత్తగా నేర్చుకునేది ఏముంటుందిలే అనుకుంది. పుస్తకం తెరిచాక తెలిసింది, తనకేమీ తెలియదని.

పుస్తకం ఇంగ్లీషులోనే ఉన్నా, మధ్యమధ్య వచ్చే వాళ్ల అక్షరాలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. ఆ వరుస ఎక్కడ తిరగబడినా పట్టుకోవాలని ఇరవైరెండు అక్షరాలూ పలకాబలపం పట్టినట్టు నేర్చుకుంది. రొట్టె తినే ముందు చేతులు ఎలా కడుక్కోవాలో, పాలనీ మాంసాన్నీ ఒక్క బల్ల మీద ఎందుకు కలపకూడదో, శనివారం దీపం ఎందుకు వెలిగించకూడదో, ఆడపిల్లకి పన్నెండు, మగపిల్లాడికి పదమూడు నిండగానే తప్పొప్పుల బాధ్యత వాళ్ల నెత్తికే ఎందుకు వస్తుందో, అన్నీ ఆ పిల్లలతో పాటే చదివింది. జబ్బుపడ్డవాళ్లని చూడ్డానికి వెళ్తే ఎక్కడ కూర్చోవాలో కూడా పాఠమే. కానీ ఆమెను ఆశ్చర్యపరిచింది వేరే. అక్కడ పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి వాదించుకోమంటారు. మన బళ్లో ఎదురుప్రశ్న వేస్తే వీపు విమానం మోత మోగుతుంది. అక్కడ ఎదురుప్రశ్న వేయనివాడికి మార్కుల్లేవు.

ఆ ఏడో తరగతి పుస్తకంలో ఈసారి కొత్తగా పోయిన వస్తువుల పాఠం అని ఒకటి చేర్చారు. వాళ్ల పూర్వికుల న్యాయాలట, ఎవరికైనా దారిలో వస్తువు దొరికితే ఏం చేయాలనే సంగతి. చెల్లాచెదురుగా పడి ఉన్న పళ్లు దొరికితే దొరికినవాడివే. అవే పళ్లు గిన్నెలో దొరికితే చాటింపు వేయాలి. గిన్నెకి ఏదో ఒక గుర్తు ఉంటుంది కాబట్టి, దాన్ని చెప్పి సొంతదారు తీసుకుపోవాలి. అయితే అసలు కీలకం ఇంకోచోట ఉంది. పోగొట్టుకున్నవాడు దాని మీద ఆశ వదులుకున్నాడా లేదా? "అయ్యో, పోయింది గదా" అని అనుకున్న మరుక్షణం ఆ వస్తువు మీద అతని హక్కు తెగిపోతుంది. అనుకోనంతవరకు అది ఎక్కడున్నా, ఎవరి చేతిలో ఉన్నా అతనిదే.

జూన్‌లో మొదటి భాగం వచ్చినప్పుడు ప్రేమమణి ఆ పేజీ దగ్గర స్కేలు ఆపి చాలాసేపు కూర్చుంది. తప్పు దొరికిందేమోననుకుని హిమజ చదవడం ఆపేసింది.

తప్పు కాదు. ఆమెకు కొడుకు దొరికినట్టయింది.

ఆషర్ కనబడకుండా పోయి ఎనిమిదేళ్లు. మందుల గోదాములో స్టాకు చూసే ఉద్యోగం. ఇరవైతొమ్మిదేళ్లు, పెళ్లయి రెండేళ్లు. ఒక మంగళవారం పొద్దున ఉప్మాలో ఉప్పెక్కువైందన్నాడు, నీళ్లు తాగాడు, స్కూటరెక్కి వెళ్లాడు. గోదాముకి చేరలేదు. మూడోరోజు రైల్వే స్టేషను స్టాండులో స్కూటరు దొరికింది, తాళం వేసి, పద్ధతిగా స్టాండు మీద నిలబెట్టి ఉంది. మనిషి దొరకలేదు. అప్పుల్లేవు, గొడవల్లేవు, ఇంకో ఆడమనిషి లేదు, జబ్బు లేదు. పోలీసులు అడిగిందే అడిగారు, ఇంట్లో ఏమైనా మాటామాటా అనుకున్నారా అని. ఉప్పెక్కువైందన్నాడండీ అని చెప్పింది ప్రేమమణి. రాసుకునే కానిస్టేబులు పెన్ను ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ఒక్కమాట మీద ఆమె ఎనిమిదేళ్లు ఆలోచించింది. ఇంకో చిటికెడు తక్కువ వేసి ఉంటే వాడు ఇంకో ఐదు నిమిషాలు కూర్చునేవాడేమో, ఆ ఐదు నిమిషాల్లో అయ్యేది కాకుండా పోయేదేమో. ఇలాంటి లెక్కకి అంతు ఉండదు. భర్త రైల్వేలో గుమాస్తా, కొడుకు పెళ్లికి ముందే గుండెపోటుతో పోయాడు. ఆ చావుకి ఏడ్చింది, సమాధి కట్టించింది, పువ్వులు పెడుతోంది. చనిపోయినవాళ్లతో ఎలా ఉండాలో ఆమెకు తెలుసు. వీడితో ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు.

మల్కాజ్‌గిరిలో రెండు గదుల ఇంట్లో అత్తా కోడలూ మిగిలారు. గ్లోరియా ఆస్పత్రిలో నర్సు. పుట్టింటికి పోతుందనే అందరూ అనుకున్నారు. పోలేదు. ఒక ఏడాది ఉంటానంది, రెండేళ్లయింది, ఎనిమిదయింది. మూడేళ్ల కింద గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ప్రేమమణి ఫోను మోగింది. హలో అంటే పలకలేదు. ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు, వెనక రైలు కూత, అంతే, పెట్టేశారు. అది ఆషరేనని ఆమె ఆ రోజే పోలీస్‌స్టేషనుకి వెళ్లి రాసి ఇచ్చి వచ్చింది. వాళ్లు ఆ నంబరు వెతికితే ఏదో ఊళ్లో దుకాణంలో ఫోనని తేలింది. వచ్చేపోయేవాళ్లు ఎవరైనా చేయొచ్చన్నారు. ఆమె మాత్రం ఆషరే అంది.

ఆ కాగితమే ఇప్పుడు గ్లోరియా మెడకి చుట్టుకుంది. గ్లోరియా ఆస్పత్రిలోనే ల్యాబులో పనిచేసే కాలేబు, భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు, రెండేళ్లుగా ఈమె కోసం ఆగి ఉన్నాడు. ఏడేళ్లు మొగుడి కబురు లేకపోతే పెళ్లి రద్దు చేయమని కోర్టుని అడగొచ్చు. అయితే మూడేళ్ల కింద కొడుకు ఫోను చేశాడని కన్నతల్లే పోలీసులకి రాసి ఇచ్చింది గదా, ముందు ఆవిడ సంగతి తేల్చుకు రమ్మన్నాడు వకీలు. తనకి ఏ కబురూ లేదని, ఆ ఫోను కొడుకుదని చెప్పడానికి ఏ ఆధారమూ లేదని ప్రేమమణి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ పిల్ల ఉన్నచోటే ఉండిపోతుంది.

మే నెలలో ఆమె పెడదామనే అనుకుంది. గ్లోరియా తలలో తెల్లవెంట్రుకలు చూసి కడుపు తరుక్కుపోయి, కాగితం తెమ్మంది కూడా. ఈలోపు జూన్ వచ్చింది, పాఠం వచ్చింది. ఆశ వదులుకోనంతవరకు సొంతదారుదే. సంతకం పెడితే నోటితో "పోయాడు" అన్నట్టే. తను అన్న మరుక్షణం, ఎక్కడో ఏ ఊళ్లోనో వాడికీ తనకీ మధ్య ఉన్న తాడు పుటుక్కున తెగుతుంది. పన్నెండేళ్ల పిల్లలు గళ్లు నింపుకునే పుస్తకం పట్టుకుని ఆమె కోర్టు కాగితం పక్కన పెట్టేసింది. ఎవరైనా వింటే నవ్వుతారని తెలుసు, అందుకే ఎవరికీ చెప్పలేదు. కోడలికి మాత్రం "కాస్త ఆగమ్మా" అంటూ వచ్చింది.

ఇవాళ పొద్దున గ్లోరియా ఇడ్లీ ప్లేటు పక్కన ఆ కాగితం పెట్టింది.

"అత్తమ్మా, ఈ రోజు సాయంత్రం ఆరింటికి నేను నేరేడ్‌మెట్ మా అక్క దగ్గరికి పోతున్న. మీరు సైన్ చేసినా పోతా, చెయ్యకపోయినా పోతా."

ప్రేమమణి చట్నీ గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది.

"మీ మీద కోపం లేదు," అంది గ్లోరియా. "కోపం ఉంటే ఎప్పుడో పోయేదాన్ని. నాకు ముప్పై ఐదు అత్తమ్మా. పిల్లలు గిట్ల కావాలంటే ఇంకెప్పుడు? నాకు చాతనైతలేదు. రోజూ గేటు చప్పుడైతే మీరు లేస్తరు, మీరు లేస్తే నేను లేస్త. ఇంక నాతోని కాదు."

ప్రేమమణి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. పొద్దుటి నుంచి అది ఆమె కాళ్ల దగ్గర, టిఫిన్‌బాక్సు పక్కన ఉంది.

పదకొండింటికి రాజేందర్ వచ్చాడు. చేతిలో ఒక ప్రింటు. ఈ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. చదివేవాళ్లకి ఎక్కడ సందేహం వచ్చినా సొంతంగా దిద్దకూడదు, నంబరు వేసి ప్రశ్న రాయాలి. ఆ ప్రశ్నలు బడికి పోతాయి, బడివాళ్లు ఒక్కోదానికీ జవాబు రాసి పంపుతారు. జవాబు రానిదే పేజీ కదలదు.

"ప్రేమమణి మేడమ్, మీ సవాళ్లకు జవాబులొచ్చినయ్. పదమూడు ఓకే. పద్నాలుగోది ఏందో నాకు సమజ్ కాలె. చూడుండ్రి."

పద్నాలుగో ప్రశ్న. పోయినవారం తనే రాసింది. పోయిన వస్తువుల పాఠంలో ఆరో అభ్యాసం: "తన వస్తువు ఉందో నాశనమైపోయిందో సొంతదారుకి ఎప్పటికీ తెలియకపోతే, అతను ఎన్నాళ్లు ఆశ పెట్టుకోవాలి?" వెనక జవాబుల పట్టికలో ఒకటి నుంచి ఐదు వరకు ఉన్నాయి, ఏడు నుంచి పది వరకు ఉన్నాయి, ఆరు లేదు. పేజీలు పేర్చేటప్పుడు జారిపోయిందని ప్రేమమణి నమ్మకం. పదిహేడేళ్లలో ఇలాంటివి వందలు పట్టుకుంది. "ఆరో జవాబు తప్పిపోయింది, దయచేసి పంపండి" అని రాసింది. ఆ వారమంతా ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు. ఎక్కడో ఒక పంతులమ్మ దగ్గర ఆ జవాబు ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అడిగింది, వచ్చేస్తుంది.

వచ్చింది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు. ఆరో ప్రశ్నకి జవాబు లేదు, కావాలనే వదిలేశాం. పిల్లలు క్లాసులో మాట్లాడుకుంటారు.

ఆమె ఆ రెండు వాక్యాలూ స్కేలు పెట్టి చదివింది. మళ్లీ చదివింది.

"అంటే జవాబు రాయలేదా, అసలు లేనే లేదా?" అని అడిగింది.

"లేదంటున్నరు గద మేడమ్. పోరగాళ్లు డిస్కస్ చేసుకుంటరంట. మనకేంది, క్లోజ్ చేద్దాం." రాజేందర్ ఆమె ముఖం చూసి ఆగాడు. "తబియత్ బాగలేదా? జెర చాయ్ చెప్పన్నా?"

వద్దంది. పద్నాలుగో నంబరు మీద అడ్డగీత కొట్టింది. ఎక్కడో బల్లల మీద ఇద్దరిద్దరు పిల్లలు కూర్చుని వాదించుకుంటారు. ఎన్నాళ్లు ఆశ పెట్టుకోవాలి? ఒకడు ఏడాది అంటాడు, ఒకతి ఎప్పటికీ అంటుంది. గంట కొడతారు, పిల్లలు అన్నాలకి పోతారు. ఆమెకి ఒక్కసారిగా విపరీతమైన కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

భోజనాలయ్యాక మూడో భాగం మొదలైంది. అదే ఆఖరు భాగం. మొదట గుర్తుల గురించి. సొంతదారు చెప్పే గుర్తు అతని వస్తువుకే ప్రత్యేకంగా ఉండాలి. ముడి వేసిన తీరు, పగిలిన అంచు, అలాంటివి. లోకంలో అందరి వస్తువులకీ ఉండేది గుర్తు కింద చెల్లదు. హిమజ చదువుకుంటూ పోతోంది, కామా, ఫుల్‌స్టాప్, పేరా. కిటికీ అవతల స్టేషనులో ఏదో బండి కూత వేసింది. స్టేషను ఉన్న ఏ ఊళ్లో ఎవరు ఎవరికి ఫోను చేసినా వెనక రైలు కూత వినబడుతుంది. ప్రేమమణికి ఆ సంగతి ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. మూడేళ్లుగా తెలుసు. తెలిసినా దాన్ని తలలోకి రానివ్వకుండా తలుపు మూసి నిలబడింది, అంతే.

తరవాతి పేజీలో ఒక బొమ్మ. నది పొంగి పారుతోంది. గట్టు మీద ఒక మనిషి, రెండు చేతులూ చాచి, నోరు బార్లా తెరిచి. నీళ్లలో దూరంగా ఒక మూట కొట్టుకుపోతోంది. అతని నోటి పక్కన బుడగలో "నాది! నాది!" అని రాసి ఉంది. ఏడో తరగతి పిల్లలు నవ్వుకోవాలని కాబోలు, అతని టోపీ కూడా ఎగిరిపోతున్నట్టు గీశారు.

"పాపం అంకుల్," అని హిమజ నవ్వింది. తరవాత మళ్లీ చదివే గొంతు పెట్టింది. తెలుగులో చెప్పుకుంటే ఇదీ సంగతి. "ఈ మనిషి ఆశ వదులుకోలేదు, కామా, నాది నాది అని అరుస్తూనే ఉన్నాడు, ఫుల్‌స్టాప్. నదిలో కొట్టుకుపోయిన ఆ మూట ఇంకా అతనిదేనా, ప్రశ్నార్థకం. కారణం రాయండి, ఫుల్‌స్టాప్."

"జవాబుల పట్టిక చూడు," అంది ప్రేమమణి. "దీనికి ఉందా?"

హిమజ వెనక్కి తిప్పింది. "ఉంది ఆంటీ. కాదు, ఫుల్‌స్టాప్. అది అతని నుంచే కాదు, కామా, లోకం మొత్తం నుంచి పోయింది, ఫుల్‌స్టాప్. అతను అరిచినంత మాత్రాన అతనిది కాదు, ఫుల్‌స్టాప్. కాలిపోయిన ఇంటి ముందు నిలబడి నా ఇల్లు అన్నట్టే, ఫుల్‌స్టాప్. అయిపోయింది."

స్కేలు ఆఖరు వరుస కింద ఆగింది. ప్రేమమణి మొదటి వరుస నుంచి మళ్లీ చూసుకుంటూ వచ్చింది. అక్షరం అక్షరం వెతికింది. ఏదో ఒకటి ఉండకపోతుందా, ఒక మాట ఎగిరిపోయి ఉండకపోతుందా, ఆ మాట చేర్చితే అర్థం ఇటునుంచి అటు మారకపోతుందా అని. ఆ పేజీలో ఒక్క తప్పూ లేదు.

కింద తన పొడి అక్షరాలు వేసి, తేదీ వేసి, పక్కన పెట్టింది.

"ఆంటీ, ఏడుస్తున్నరా?"

"లేదమ్మా. కళ్లు మంటగా ఉన్నాయి. పొద్దుటి నుంచి చదువుతున్నాం గదా."

నాలుగున్నరకి రాజేందర్‌ని అడిగి అరగంట ముందు బయల్దేరింది. మల్కాజ్‌గిరి బస్సులో నిలబడే వచ్చింది. ఆలోచించాలనుకుంది గానీ ఆలోచన ఏదీ నిలవలేదు. చర్చిలో ఆదివారం ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఏడేళ్లు ఆషర్ పేరు చదివారు. కిందటేడు కొత్త పాస్టరు గారు వచ్చాక ఆ పేరు జాబితాలోంచి జారిపోయింది. ఆమె వెళ్లి అడగలేదు. అప్పుడెందుకు అడగలేదో ఇప్పుడు బస్సులో నిలబడి వెతుక్కుంది. అడిగితే "ఇంకానా అమ్మా" అంటారేమోనని భయం, అంతే. ఎనిమిదేళ్లుగా గట్టు మీద నిలబడి అరుస్తున్నది తను ఒక్కతే. పక్కన చెయ్యి పట్టుకుని ఆ పిల్లని కూడా నిలబెట్టింది. అది తలుచుకోగానే ఆమెకి సిగ్గేసింది. కొడుకు మీద ప్రేమ అనుకుంది ఇన్నాళ్లూ. అది కోడల్ని కట్టేసిన తాడు కూడా అయింది.

ఇంటికి వచ్చేసరికి గ్లోరియా ముందుగదిలో రెండు సూట్‌కేసుల మధ్య కూర్చుని ఉంది. ఆస్పత్రి నుంచి మధ్యాహ్నమే వచ్చేసినట్టుంది. తల దువ్వుకుని, ఆకుపచ్చ చుడీదార్ వేసుకుంది. అత్తను చూసి లేచి నిలబడింది.

ప్రేమమణి చెప్పులు విడిచి, ఫ్యాను వేసి, బల్ల దగ్గర కూర్చుని కాగితం విప్పింది. అలవాటు చొప్పున సంచిలోంచి స్కేలు తీసి మొదటి వరుస కింద పెట్టింది. "నా కుమారుడైన ఆషర్ జీవించి ఉన్నట్లు గత ఏడు సంవత్సరములుగా నాకు ఎట్టి సమాచారము లేదు." స్కేలు దిగింది. "సదరు ఫోను కాల్ నా కుమారుడు చేసినదే అనుటకు నా వద్ద ఎట్టి ఆధారము లేదు." రెండో వాక్యం తరవాత ఎక్కువ ఖాళీ వదిలేశారు, మూడో వరుసలో కామా ఉండాల్సిన చోట లేదు. ఆమె వాటి జోలికి పోలేదు. పెన్ను తీసింది.

"అత్తమ్మా, అది రెడ్," అంది గ్లోరియా మెల్లగా. తన బ్యాగులోంచి నీలం పెన్ను తీసి ఇచ్చింది.

ప్రేమమణి సంతకం పెట్టింది. గ్లోరియా ముందు కాగితం వైపు, తరవాత అత్త వైపు చూసింది. సంతోషం వస్తుందనుకుని సిద్ధంగా ఉన్నట్టుంది, రాలేదు. నేల మీద కూలబడి అత్త మోకాళ్ల మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఎనిమిదేళ్లు ఆపినందుకు క్షమించమ్మా," అంది ప్రేమమణి.

"మీరు ఆపలె. నేనే ఉన్న," అంది గ్లోరియా ఏడుపు మధ్యలోనే. "నాకు సుత వస్తడనే ఉండె అత్తమ్మా. ఒక రెండేళ్ల కిందటి దాంక ఉండె. మీకు చెప్తే మీరు తట్టుకోరని చెప్పలె."

అంటే ఈ పిల్ల రెండేళ్ల కిందే గట్టు దిగింది. దిగి కూడా, అరుస్తున్న ముసలిదాన్ని ఒంటరిగా వదల్లేక పక్కనే నిలబడింది. ప్రేమమణి ఆ నల్లటి తల మీద, తెల్లవెంట్రుకల మీద చెయ్యి వేసి నిమిరింది. "కాలేబు మంచివాడు," అంది. "పెళ్లికి నన్ను పిలవకు. రాలేను. పిల్లలు పుడితే మాత్రం చూపించు."

ఆరింటికి ఆటో వచ్చింది. గ్లోరియా సూట్‌కేసులు తనే మోసింది, పట్టుకోనివ్వలేదు. గేటు దగ్గర అత్త చేతులు రెండూ పట్టుకుని, "బీపీ గోళీ మర్చిపోకుండ్రి. వంటింట్లో పెట్టిన," అని ఆటో ఎక్కింది. ఆటో సందు మలుపు తిరిగే దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

ఎదురింటి మేడ మీద జగదాంబ ఆరిన బట్టలు తీస్తోంది. ఇరవై ఏళ్లుగా ఎదురింట్లో ఉన్న మనిషి. ఆషర్ పోయినప్పటి నుంచి పండక్కో పబ్బానికో అడుగుతూనే ఉంటుంది, ప్రేమమణి ప్రతిసారీ "వస్తాడండీ" అంటూనే ఉంటుంది.

"ఏందమ్మా, కోడలు పెట్టెలతోని పోతుంది?" అని పైనుంచి కేకేసింది జగదాంబ. "ఆషర్ కబురేమన్న తెలిసిందా ఏంది?"

ప్రేమమణి గేటు గొళ్లెం పట్టుకుని తలెత్తింది.

"లేదండీ," అంది. "మా అబ్బాయి ఇక రాడు."

నోట్లోంచి వచ్చేసింది. ఆమె అలాగే నిలబడి ఎదురుచూసింది, ఏదో తెగిన చప్పుడు వినబడుతుందేమోనని. వీధిలో స్కూల్ వ్యాను వెనక్కి వస్తోంది, దాని రివర్సు పాట మోగుతోంది. జగదాంబ చేతిలో దుప్పటి పట్టుకునే "అయ్యో తల్లీ" అంది. చివరికి పాఠంలోని ఆ అయ్యో కూడా వేరేవాళ్ల నోటి నుంచే వచ్చింది. ప్రేమమణికి ఏడుపు రాలేదు. కడుపులో ఎనిమిదేళ్లుగా బిగపట్టుకున్నది ఏదో ఉండేది, అది బరువో బలమో ఆమెకెప్పుడూ తెలియలేదు. ఇప్పుడది లేదు. లేకపోతే తేలిగ్గా ఉంటుందనుకుంది. ఉండలేదు. నిలబడ్డానికి ఆధారం తీసేసినట్టుంది.

గేటు వేసి లోపలికి వచ్చింది. గ్లోరియా గది తలుపు తెరిచే ఉంది, మంచం మీద పక్క మడిచి ఉంది. లోపలికి పోలేదు. గోళీ వేసుకుందామని వంటింట్లోకి వెళ్లి లైటు వేసింది.

రోజూ వాడే పెద్ద కుక్కరు కడిగి, తుడిచి, పై అరలోకి ఎక్కించి ఉంది. స్టవ్వు మీద కొత్త కుక్కరు, చాలా చిన్నది, పక్కన గుండ్రటి స్టిక్కరు ఇంకా ఊడదీయలేదు, మూత తీసి చూస్తే అడుగున ఒక్క మనిషికి సరిపడా బియ్యం నానుతున్నాయి.